బూడిద రంగు ఆకాశం: ఇన్నేళ్ల తర్వాత డెలిరియం

ఎదురుగా బల్ల వెనక నలుగురు. ఒంటి మీద పలచటి ఆసుపత్రి గౌను. ‘నీకు ఇష్టమైన రంగేది?’ అని అడుగుతారు. ఇంట్లో వల్లె వేయించిన జవాబు ఒకటుంది. అది అప్పజెప్పేస్తే గండం గడిచిపోయేది. పదిహేడేళ్ల లీనా నోట మాత్రం ‘బూడిద రంగు’ అని వచ్చేస్తుంది. అదీ ఎలాంటి బూడిద రంగు? చీకటి పోయి, సూర్యుడింకా రాక, ఆకాశం ఏ రంగూ తేల్చుకోలేకుండా ఉండే ఆ కాసేపట్లోది. అన్నాక తెలుస్తుంది, నోరు జారిందని. పైన అద్దాల వెనక నిలబడి ఒక కుర్రాడు ఇదంతా విన్నాడని ఆ క్షణాన ఆమెకు తెలియదు. చాలా పేజీల తర్వాత అతనే ఆ మాటల్ని ఆమెకు తిరిగి వినిపిస్తాడు.

ఈ సన్నివేశం ఉన్న ఇంగ్లీషు నవల, అమెరికా రచయిత్రి లారెన్ ఆలివర్ రాసిన డెలిరియం 2011 ఫిబ్రవరిలో వచ్చింది. కథలో ఎవరు ఎటు పారిపోయారో మరిచిపోయినా ఈ బూడిద రంగు మాత్రం మనసులో ఉండిపోతుంది. ఆ కాలంలో కుర్రకారు పుస్తకాలన్నీ ఒకే దారిన నడిచాయి. 2008లో హంగర్ గేమ్స్ తలుపు తెరిచింది. 2009లో మేజ్ రన్నర్, 2010లో మ్యాచ్డ్, 2011లో డెలిరియం, అదే ఏడాది ఏప్రిల్‌లో డైవర్జెంట్, నవంబర్‌లో లెజెండ్. ఏ పుస్తకం తీసినా ఒక కూలిపోయిన దేశం, ఒక కఠినమైన పాలన, ఒక పదహారు పదిహేడేళ్ల అమ్మాయో అబ్బాయో. మన ఊళ్లలోనూ ఆ గాలి వీచింది. 2010లో ఫ్లిప్‌కార్ట్ వాళ్లు పుస్తకం చేతికందాకే డబ్బులిచ్చే పద్ధతి పెట్టాక, బ్యాంకు కార్డు లేని ఇంటర్మీడియట్ పిల్లలకు కూడా ఇవి అందాయి. భౌతికశాస్త్రం గైడ్ కింద దాచి చదివిన పుస్తకాల్లో ఇవెన్నో ఉన్నాయి. ఒకరు కొంటే హాస్టల్ గదిలో ఆరుగురు చదివేవారు. చివరివాడి చేతికొచ్చేసరికి అట్ట ఊడి ఉండేది.

ఆ వరసలో డెలిరియం పేరు కాస్త వెనకబడింది. ఇందులో బాణాలు లేవు, పోటీ బరి లేదు, రాజ్యాన్ని కూల్చే వీరనారి లేదు. ఉన్నది ఒక్కటే ఊహ: ప్రేమ ఒక జబ్బు. ఇన్నేళ్ల తర్వాత తీసి చూస్తే, ఆ గుంపులో తక్కువ వాడిపోయింది ఇదేనని నా గట్టి నమ్మకం. యుద్ధాల మీద కట్టిన కథలకు వయసు త్వరగా మీదపడుతుంది. అందరూ ‘నీ మంచికే’ అంటూ చుట్టూ కట్టే గోడకు అంత త్వరగా రాదు.

కథ అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో జరుగుతుంది. ప్రేమ జబ్బని దేశాధ్యక్షుడు ప్రకటించి 64 ఏళ్లు, దానికి మందు పూర్తిగా కనిపెట్టి 43 ఏళ్లు. ఆ జబ్బుకు పెట్టిన లాటిన్ పేరు అమోర్ డెలిరియా నెర్వోసా. మందంటే మాత్ర కాదు, మెదడుకు చేసే ఆపరేషన్. 18 ఏళ్లు నిండాక చేస్తారు. అంతకుముందు చేస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందంటారు. అయిపోయాక ఎడమ చెవి వెనక మూడు మొనల మచ్చ మిగులుతుంది. దాన్ని చూస్తే చాలు, వీళ్లు ‘నయమైనవాళ్లు’ అని తెలుస్తుంది. ఆపరేషన్‌కు ముందు ఇంటర్వ్యూ, 10కి ఇన్ని అని మార్కులు, ఆ మార్కులకు సరిపోయే వరుల జాబితా. ఆపరేషన్ అయ్యేదాకా ఆడపిల్లలూ మగపిల్లలూ వేర్వేరుగా ఉండాలి. రాత్రయితే కర్ఫ్యూ. పాటలూ సినిమాలూ ప్రభుత్వం ఒప్పుకున్న జాబితాలోవే. నగరం చుట్టూ కరెంటు కంచె. కంచె అవతల అడవిలో ఉన్నవాళ్లను ‘ఇన్వాలిడ్స్’ అంటారు. వాళ్లు లేనే లేరని పైకి చెబుతారు. లీనాకు ఇంకా 95 రోజులు మిగిలాయి. ఆ రోజులు త్వరగా గడిచిపోవాలని ఆమే ఎదురుచూస్తూ ఉంటుంది. కథ మొదలయ్యేది ఆ ఎదురుచూపు దగ్గర.

ఈ ఊహ ఎలా పుట్టిందో రచయిత్రే చెప్పింది. గొప్ప పుస్తకాలన్నీ ప్రేమ గురించో చావు గురించో ఉంటాయన్న అర్థం వచ్చే, కొలంబియా రచయిత మార్క్వెజ్ వ్యాసం ఒకటి చదివిందట. చావు మీద తన మొదటి నవల అప్పటికే రాసేసింది. ఇక మిగిలింది ప్రేమ. ఆ వెంటనే వ్యాయామశాలలో ఉండగా టీవీలో స్వైన్ ఫ్లూ వార్తలు. రెండూ కలిసిపోయాయి. అందుకే ఈ పుస్తకంలో ప్రభుత్వం మాట్లాడే భాష సైన్యం భాషలా ఉండదు, ఆరోగ్య శాఖ భాషలా ఉంటుంది. లక్షణాలు, దశలు, జాగ్రత్తలు, నివారణ. 2011లో చదివినప్పుడు ఇది కేవలం కల్పనలా తోచేది. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఈ-పాస్ చూపించి ఆంధ్రలోకి వెళ్లిన 2020 తర్వాత చదివితే, పర్మిట్ కాగితాలు అడిగే సన్నివేశాలు ఒంటికి తగులుతాయి. మాస్కు, దూరం, కర్ఫ్యూ అవసరమైన రోజుల్ని చూసినవాళ్లకు, ఆ మాటల్నే అవసరం లేని చోట వాడితే ఎంత సులువుగా చెల్లిపోతాయో ఈ పుస్తకంలో కనిపిస్తుంది.

మళ్లీ చదివేవాళ్లు ముందుగా చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి అధ్యాయం నెత్తిన ఉండే నాలుగైదు పంక్తుల్ని దాటేయకండి. మొదటిసారి చదివినప్పుడు దాదాపు అందరం దాటేశాం. లీనా ఎక్కడ, ఆ అద్దాల వెనకటి కుర్రాడు అలెక్స్ ఎప్పుడొస్తాడు అన్న తొందర అది. నిజానికి ఆ లోకమంతా ఆ పంక్తుల్లోనే ఉంది. ఎక్కువగా కనిపించేది వాళ్ల ప్రభుత్వ గ్రంథం. ‘సేఫ్టీ, హెల్త్, హ్యాపీనెస్ హ్యాండ్‌బుక్’ అన్న పొడుగు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే ‘ష్’. జనం దాన్ని ‘బుక్ ఆఫ్ ష్’ అంటారు. నోటి మీద వేలు పెట్టే ఆ చప్పుడే పుస్తకం పేరైంది. జబ్బు మొదటి దశ లక్షణాలు అందులోనే ఉంటాయి: నోరు ఎండిపోవడం, అరచేతులు చెమర్చడం, మనసు నిలవకపోవడం. ఇవి చదివి, వెంటనే ఆ అధ్యాయంలో లీనా ఏం చేస్తుందో చూడండి. ఆమె ఒళ్లు చెప్పేది ఒకటి, పుస్తకం దానికి పెట్టే పేరు మరొకటి. ప్రేమకథలోని సగం ఉద్వేగం ఆ ఎడంలోనే పుడుతుంది.

మిగతా చోట్ల పిల్లలు తాడాట ఆడుతూ పాడే పాటలుంటాయి, సామెతలుంటాయి, పాఠ్యపుస్తకాల ముక్కలుంటాయి. బైబిల్ కథల్ని కూడా తమకు కావలసినట్టు తిరగరాసుకున్నారు. లీనా అసలు పేరు మాగ్డలీనా. ఆ పేరు వెనక ఉన్న మగ్దలేనే మరియ కథ వాళ్ల లోకంలో ఎలా మారిపోయిందో తెలిస్తే, ఆమెకు తన పేరంటే ఎందుకంత ఇబ్బందో అర్థమవుతుంది. రోమియో జూలియట్ నాటకాన్ని నిషేధించలేదు. జబ్బు ముదిరితే ఇంతే సుమా అని భయపెట్టే పాఠంగా బడిలో చెబుతారు. ఇంటర్వ్యూలో లీనా ఆ నాటకాన్ని ‘అందమైనది’ అనేస్తుంది. ఎదుటివాళ్ల మొహాలు ముడుచుకుంటాయి. పుస్తకాన్ని తగలబెట్టే పాలన గురించి చాలామంది రాశారు. పుస్తకాన్ని అలాగే ఉంచి, దాని అర్థాన్ని మార్చేసే పాలన ఇంకా తెలివైనది.

మన పాఠకులకు ఇక్కడొక సౌకర్యం ఉంది. ఆ ఇంటర్వ్యూ గది అమెరికా పిల్లలకు వింత. మనకు పెళ్లిచూపులు. ఏం అడిగితే ఏం చెప్పాలో ముందే నేర్పడం, ‘ఎక్కువ మాట్లాడకు’ అని గుమ్మం దగ్గర చివరి హెచ్చరిక, అమ్మాయి నోట ఒక్క తేడా మాట వస్తే ఇంటిల్లిపాదికీ గుండె జారడం. లీనా పెరిగేది తల్లి తోబుట్టువు కేరల్ ఇంట్లో. కేరల్ క్రూరురాలేమీ కాదు. వేళకు వండిపెడుతుంది, బట్టలు చూస్తుంది, భవిష్యత్తు చూస్తుంది. ఆమె నోట అన్నీ లెక్క తప్పని మాటలే. వంశంలో ఒక మచ్చ ఉందని, దాన్ని కడిగేసుకోవాలని ఆమె ఆరాటం. ఆ మచ్చ లీనా తల్లి. మూడుసార్లు ఆపరేషన్ చేసినా ఆమెకు నయం కాలేదు. మొదటి చదువులో కేరల్ ఒక అడ్డుగోడలా కనిపిస్తుంది. ఈసారి ఆమె మాటల్నే ఏరుకుంటూ చదివితే, ఒక్కో వాక్యమూ ఏదో ఒక తెలుగింటి వంటగదిలో విన్నట్టే ఉంటుంది. అందుకే కుదిర్చిన సంబంధం అన్న విషయం దగ్గరే ఆగిపోకూడదు. పుస్తకం బెదిరించేది సంబంధం కుదర్చడం గురించి కాదు. కుదిర్చాక తల్లి తన బిడ్డను ఎత్తుకుని పాట పాడటం కూడా తప్పయ్యే చోటు గురించి. లీనా తల్లి తలుపులు వేసి, సాక్సులు తొడిగి పిల్లలతో గచ్చు మీద జారుతూ ఆడిన ఆట ఒకటి జ్ఞాపకంగా వస్తుంది. తొందరలో కనబడని చోటది.

ఇక చదవడం. నాలుగు వందల పేజీలు దాటే పుస్తకం. మొదటి వంద పేజీల్లో సంఘటనలు తక్కువ, వర్ణన ఎక్కువ. చాలామంది వదిలేసేది ఇక్కడే. వర్తమాన కాలంలో, ‘నేను’ అంటూ సాగే కథనం. లీనా భయస్తురాలు, నియమాలకు లోబడి నడిచే పిల్ల. హంగర్ గేమ్స్ నాయికను తలుచుకుంటూ మొదలుపెడితే ఈమె మందకొడిగా అనిపిస్తుంది. ఆ భయాన్ని ఓపికగా కట్టకపోతే తర్వాత అది విరిగినప్పుడు చప్పుడు రాదు. ఆవులు ప్రయోగశాలలోకి దూసుకొచ్చే ఘట్టం మొదట్లోనే ఉంది. అక్కడి నుంచి రోజుకు రెండు మూడు అధ్యాయాల చొప్పున చదివితే పది రోజుల్లో హాయిగా అయిపోతుంది. ఒక్క రాత్రిలో మింగేయాలనుకుంటే ఎండ, సముద్రం, చెమట, పరుగు మీద రాసిన పేరాలన్నీ కళ్ల కింద నుంచి జారిపోతాయి. ఆలివర్ బలం ఆ పేరాలే. వేసవిని ఇంత వాసనతో, ఇంత ఉక్కతో రాసినవాళ్లు ఆ వరసలో ఇంకెవరూ లేరు.

ఇంగ్లీషు కష్టమైనదేమీ కాదు, కానీ కొన్ని మాటల్ని పట్టుకోవాలి. ‘ఇన్వాలిడ్’ అంటే ఇక్కడ రోగిష్టి అని కాదు, చెల్లనివాడు అని. ‘క్యూర్డ్’, ‘అన్‌క్యూర్డ్’ అన్నవి మనుషుల్ని రెండు కులాలుగా చీల్చే మాటలు. ‘సింపథైజర్’ అంటే లోపల ఉంటూ బయటివాళ్లకు సాయం చేసేవాడు. అలెక్స్ చెవి వెనక మచ్చ ఉంటుంది. అది చూసి, నయమైనవాడే కదా, మాట్లాడితే ప్రమాదం లేదని లీనా ధైర్యం తెచ్చుకుంటుంది. ఆ ధైర్యం మీదే సగం కథ నడుస్తుంది కాబట్టి అంతకు మించి చెప్పను.

పక్కన పోర్ట్‌లాండ్ మ్యాప్ తెరిచి పెట్టుకోండి. ఊరు నిజమైనదే, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన చిన్న నగరం. జనాభా 70 వేల లోపు, మన లెక్కలో ఒక మోస్తరు పట్నం. బ్యాక్ కోవ్ అనేది ఊరి పక్కన ఉన్న గుండ్రటి తీరం. చుట్టూ నడకదారి ఆరు కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆటు వచ్చినప్పుడు నీళ్లు వెనక్కి పోయి అంతా బురద తేలుతుంది, పోటు వచ్చినప్పుడు మళ్లీ నిండుతుంది. లీనా, ఆమె స్నేహితురాలు హనా పరుగెత్తే దారులు, సాయంత్రం అలెక్స్‌ను కలిసే తీరం ఈ మ్యాప్ మీద వేలితో పోల్చుకోవచ్చు. ఊరి నడిబొడ్డున ‘గవర్నర్’ అని వాళ్లు పిలుచుకునే విగ్రహం ఉంటుంది. దాని గుప్పిట్లో స్నేహితురాళ్లిద్దరూ చీటీలు దాచుకుంటారు. ఫోన్ల మీద నిఘా ఉన్న ఊళ్లో అదే వాళ్ల పోస్టాఫీసు. ప్రేమికుల సన్నివేశాలకంటే ఈ విగ్రహం గుప్పిటే ఎక్కువ కాలం గుర్తుంటుంది. ఈ పుస్తకంలో హనా, లీనాల స్నేహం కూడా ఒక ప్రేమకథే. మొదటిసారి చదివినప్పుడు దాన్ని పక్కపాత్రల వ్యవహారంగా వదిలేసినవాళ్లు ఈసారి దాన్నే ముందుకు తెచ్చుకుని చదవండి. మాట్లాడని చిన్నపిల్ల గ్రేసీని కూడా మరిచిపోకండి. ఆమె ఎక్కడ కూర్చుంది, ఎవరి చెయ్యి పట్టుకుంది అన్నవి గమనిస్తూ పోతే చివర్లో దానికి ఫలితం దక్కుతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆపరేషన్ మెదడులో ఎక్కడ ఏం చేస్తుందో ఎక్కడా తేలదు. ప్రేమతోపాటు కోపం, దుఃఖం, ఇష్టం ఎంతవరకు పోతాయన్నది ఒక్కో పాత్రకు ఒక్కోలా ఉంటుంది. మిగతా ప్రపంచం ఏమైందో ఒకటి రెండు మాటల్లో దాటేస్తుంది. ప్రభుత్వం ఇంత ఖర్చు పెట్టి ఇంత చేయడం వల్ల దానికి ఒరిగేదేమిటన్నది గట్టిగా అడిగితే జవాబు బలహీనంగా ఉంటుంది. ఇంకోటి, ఆడామగా ప్రేమ తప్ప మరో రకం ప్రేమకు అవమానకరమైన పేరొకటి తగిలించి కథ ముందుకు వెళ్లిపోతుంది. ఇవాళ రాస్తే అలా వదిలేయడం కుదరదు. ఈ ప్రశ్నలన్నీ రెండో చదువులోనే తలెత్తుతాయి. తలెత్తినా పుస్తకం కూలిపోదు. దాని బరువంతా ఊహ మీద కంటే లీనా గొంతు మీద ఆని ఉంది.

తర్వాతి భాగాల సంగతి. పాండెమోనియం 2012లో, రిక్వియమ్ 2013లో వచ్చాయి. మొదటిది ముగించిన రాత్రే రెండోది మొదలుపెట్టకండి, కనీసం వారం ఆగండి. మొదటి పుస్తకం ముగింపు కొట్టిన దెబ్బ లోపల కుదురుకోవాలి. రెండోది ‘అప్పుడు’, ‘ఇప్పుడు’ అని రెండు కాలాల్లో ఒకటి విడిచి ఒకటిగా నడుస్తుంది. అధ్యాయం పైన ఆ మాట చూడకుండా చదివితే యాభై పేజీలకల్లా తికమక. పోర్ట్‌లాండ్ వేసవి వాసన ఇందులో ఉండదు, ఆకలీ చలీ ఉంటాయి. అందుకే ప్రేమకథ కోసం వచ్చినవాళ్లు ఇక్కడ ఉసూరుమంటారు. దీన్ని బతకడం నేర్చుకునే కథగా చదివితే రేవెన్ అనే పాత్ర ఒక్కతే పుస్తకాన్ని నిలబెడుతుంది. మూడోది లీనా, హనాల గొంతుల్లో మారుతూ సాగుతుంది. హనా భాగాలు పదునుగా ఉంటాయి, లీనా భాగాలు అలసినట్టుంటాయి. ముగింపు చాలా ముడుల్ని విప్పకుండానే వదిలేస్తుంది. అప్పట్లో దీని మీద కోపగించుకున్నవాళ్లు ఎందరో. ఆ కోపం ఒకసారి చల్లారాక, గోడల గురించి ఉన్న ఆ చివరి పేరాలు వేరుగా వినిపిస్తాయి.

మధ్యలో చిన్న కథలున్నాయి: హనా, అనాబెల్, రేవెన్. వరస తప్పితే రుచి పోతుంది. హనా కథ మొదటి నవల తర్వాతే చదవాలి, అదే వేసవిని అటువైపు నుంచి చూపిస్తుంది. అనాబెల్ అంటే లీనా తల్లి. ఆమె కథ కూడా మొదటి నవల ముగిశాకే, లేకపోతే ఒక పెద్ద రహస్యం ముందే బయటపడుతుంది. రేవెన్ కథ పాండెమోనియం పూర్తయ్యాక. సమయం లేదు, ఒక్కటే చదువుతామంటే అనాబెల్ చదవండి. మొదటి నవలలో గోడ మీద చెక్కిన ఒక మాట వెనక ఎన్నేళ్ల ఓపిక ఉందో అందులో ఉంది.

టీవీలోకి కూడా రాబోయి ఆగింది. ఫాక్స్ సంస్థ కోసం 2013లో ఎమ్మా రాబర్ట్స్ లీనాగా నమూనాగా ఒక పైలట్ ఎపిసోడ్ తీశారు. సిరీస్‌గా ముందుకు సాగలేదు. 2014లో ఆ ఒక్క ఎపిసోడ్‌నూ హులూ అనే ఆన్‌లైన్ వేదికలో కొన్నాళ్లు చూపించారు. అంతటితో సరి. ఒక విధంగా ఇది పుస్తకానికి మేలే చేసింది. అలెక్స్ ఎలా ఉంటాడన్నది ఇప్పటికీ ఎవరి ఊహ వారిదే.

పాత ప్రతి కొనాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు, కోఠి దుకాణాలు, విజయవాడలో అలంకార్ సెంటర్ పాత పుస్తకాల బళ్లు, డిసెంబర్, జనవరి పుస్తక ప్రదర్శనల్లో కిలోల లెక్కన అమ్మే గుట్టలు: ఈ కాలపు కుర్రకారు నవలలు తిరిగి తేలేది ఇక్కడే. మూడు భాగాలూ ఒకే సైజులో, ఒకే అట్ట తీరులో దొరకడం కష్టం. ఎడిషన్ మారినప్పుడల్లా అట్టలు మారాయి, అమెరికా ముద్రణ వేరు, బ్రిటన్ ముద్రణ వేరు. సెట్ కుదరాలని పట్టుబడితే ఏళ్లు పడుతుంది, చదవడానికైతే ఏదైనా ఒకటే. దొంగ ముద్రణ పోల్చుకోవడం తేలిక. అట్ట మీద అక్షరాల అంచులు మసకగా ఉంటాయి, కాగితం పలచబడి వెనక పేజీ అక్షరాలు ఇటు కనబడతాయి, మార్జిన్ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. పేజీల అంచు మీద నల్ల స్కెచ్ పెన్ గీత ఉంటే కంగారుపడకండి, అది అమ్ముడుపోని సరుకుగా తక్కువ ధరకు వదిలేసిన అసలు ప్రతి.

ఈ పుస్తకాలకు కుట్టు ఉండదు, వీపున జిగురే. మన ఎండలకూ తేమకూ పది పదిహేనేళ్లలో ఆ జిగురు ఎండి పెళుసవుతుంది. కొనే ముందు రెండు చేతులా పట్టుకుని నడిమికి మెల్లగా తెరవండి. పటుక్కుమని చప్పుడొస్తే వీపు విరిగినట్టే, ఆ చోట పేజీలు ఒక్కొక్కటే ఊడిపోతాయి. అట్ట తెరిచి వాసన చూడండి. ముక్కిపోయిన వాసన వస్తే బూజు పట్టింది, దాన్ని మిగతా పుస్తకాల పక్కన పెట్టకూడదు. తర్వాత పేజీ నంబర్లు ముందు ఒక ఇరవై, నడిమిన ఒక ఇరవై తిప్పి చూడండి. అన్నిటికంటే ముఖ్యం వెనక్కి తిప్పి చివరి ఆకు ఉందో లేదో చూసుకోవడం. జిగురు పుస్తకంలో ముందుగా రాలిపోయేది అదే. కంచె దగ్గర లీనా ఏం చేసింది, అలెక్స్ ఏమయ్యాడు అన్నది డెలిరియంలో సరిగ్గా ఆ చివరి పేజీల్లోనే ఉంది.